జేజి మొక్కిన చాదర్ నేను కప్పొచ్చా, కప్పకూడదా?

జేజిమనవడు
విషయం చిన్నదే, కానీ ఇంట్లో నాలుగు రోజులుగా ఎవరూ సరిగ్గా తినడం లేదు. పోయినేడు నా ఉద్యోగం పోయినప్పుడు మా జేజి దర్గాలో మొక్కుకుంది. మళ్లీ కొలువు దొరికితే అక్కడి సమాధి మీద నా చేతుల మీదుగా చాదర్ (గుడ్డ) కప్పించి, యాటను కోసి కందూరు విందు చేయిస్తానని. కొలువు దొరికింది. ఇప్పుడు జేజికి ఎనభై రెండేళ్లు, మొక్కు తీరకుండా పోతానేమోనని భయం పట్టుకుంది. మా అన్న తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చాడు, అది షిర్క్ (అల్లాకు సాటి కల్పించడం) అంటాడు, ఆ యాట మాంసం నా పిల్లల నోట్లో పడటానికి వీల్లేదంటాడు. జేజి ఊరుకుంటుందా, "నువ్వు పుట్టిందే ఆ దర్గా మొక్కుతో, మరి నువ్వు హలాలా హరామా" అంది. అంతే, అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నేను.

మేం దూదేకులోళ్లం, ఇంట్లో ఉర్దూ రాదు. జేజికి నమాజులో చదివేవి తప్ప అరబీ రాదు, అవి కూడా ఆమె నోట తెలుగు పాటలా వినిపిస్తాయి. నేను అడిగేది ఒక్కటే. సమాధి దగ్గరికి వెళ్లడమే తప్పా, వెళ్లి చేసే పనులు తప్పా, లేక ఏదీ తప్పు కాదా? అరవకుండా చెప్పండి.

రెండోటీ
అరవకుండా చెప్పాలంటే నువ్వొచ్చింది తప్పు వేదిక భాయ్. నేనైతే కుర్చీ వేసుకుని కూర్చున్నా.

తెల్లకాగితం
మీ అన్న పక్షమే నేను, కానీ ఆయన కూడా ఒక మాట కలిపేస్తున్నట్టుంది. సమాధులకు వెళ్లడం తప్పని ఎవరూ అనరు. ప్రవక్త (స) మొదట్లో వద్దన్నారు, తర్వాత వెళ్లమన్నారు, ఇది సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలోనే (ప్రవక్త మాటలు, చేతల సంకలనం) ఉంది. ఎందుకు వెళ్లాలంటే చావు గుర్తుకు రావడానికి, అక్కడ పడుకున్నవాళ్ల కోసం దుఆ (వేడుకోలు) చేయడానికి. గమనించండి, వాళ్ల కోసం మనం అడగాలి. మన కోసం వాళ్లను అడగడం కాదు. దర్గాల్లో ఇది తలకిందులైంది.

ఇక సమాధికి సున్నం పూయొద్దు, దానిమీద కట్టడం కట్టొద్దు అని కూడా అదే ముస్లింలో జాబిర్ (ర) చెప్పిన హదీసు ఉంది. ప్రవక్తల సమాధులను ప్రార్థనా స్థలాలుగా చేసుకున్నవాళ్లను శపించిన హదీసు బుఖారీ గ్రంథంలోనూ ముస్లింలోనూ ఉంది, అదీ ఆయన చివరి జబ్బులో ఉండగా చెప్పింది. మంచం మీద ఉన్న మనిషి ఆఖరుగా హెచ్చరించిన విషయాన్ని మనం ఉరుసు (దర్గా పండగ) పేరుతో ఏటా చేస్తున్నాం.

ఊదుపొగ
ఇదిగో మొదలైంది. దర్గాకు వెళ్లేవాళ్లంతా సమాధిని పూజిస్తున్నారని ముందే తేల్చేసి, తర్వాత హదీసులు అతికించడం. తెల్లకాగితం గారూ, నేను ప్రతి గురువారం వెళ్తాను. ఫాతిహా (ఖుర్ఆన్ మొదటి అధ్యాయం) చదువుతాను, దాని పుణ్యం ఆయనకు చేరాలని అడుగుతాను, తర్వాత "అల్లా, నీకు ఇష్టమైన ఈ మనిషి మీద నీకున్న ప్రేమకొద్దీ నా పని చెయ్యి" అంటాను. అడిగింది ఎవరిని? అల్లానే. ఖుర్ఆన్ 5:35లో వసీలా (అల్లాను చేరే మార్గం) వెతుక్కోమని ఉంది. గుడ్డివాడొకాయన వస్తే ప్రవక్త (స) తన పేరు మధ్యలో పెట్టి దుఆ చేసుకొమ్మని నేర్పిన హదీసు తిర్మిజీ గ్రంథంలో ఉంది. కరువొస్తే ఖలీఫా ఉమర్ (ర) ప్రవక్త బాబాయి అబ్బాస్ (ర) పేరుతో వాన అడగలేదా? బుఖారీ తీసి చూడండి.

తెల్లకాగితం
బుఖారీ చూసే చెప్తున్నా. ఆ కథే మీకు ఎదురు తిరుగుతుంది. అప్పటికి ప్రవక్త (స) పోయారు, సమాధి పక్కనే ఉంది, నాలుగడుగుల దూరం. ఉమర్ అక్కడికి పోకుండా బతికున్న అబ్బాస్‌ను పిలిచి దుఆ చేయించారు. ఎందుకు?

ఊదుపొగ
బతికున్నవాళ్ల పేరు కూడా చెల్లుతుందని చూపడానికి. పోయినవాళ్లది చెల్లదని ఎక్కడుంది అందులో?

రెండోటీ
ఒకే హదీసు, రెండు పార్టీలు, రెండు మేనిఫెస్టోలు.

కీబోర్డుపీరు
(ఈ పోస్టు తొలగించబడింది)

వేదిక_నిర్వాహకుడు
మతం మొత్తాన్నీ ఒక తిట్టులో చుట్టేసే పోస్టులు ఉంచం. అడిగిన ప్రశ్న దర్గా గురించి, దానిమీదే ఉండండి.

మస్తాన్‌రావు
నేను ముస్లింని కాను, పేరు చూసి అనుకోకండి. మా నాయనకు ముందు ముగ్గురు పిల్లలు పోయారట, మా నాయనమ్మ దర్గాలో మొక్కుకుంటే ఆయన నిలిచాడు, మస్తానయ్య అని పెట్టుకున్నారు, నాకూ అదే కొనసాగింది. మా వైపు మస్తానమ్మలు, హుస్సేనమ్మలు, ఫకీరప్పలు, కుళ్ళాయప్పలు బొట్టు పెట్టుకుని తిరుగుతుంటారు, ఎవరికీ వింత కాదు. మా ఇంట్లో ఆ స్వామికి చక్కెర చదివింపులు చేయించకుండా పెళ్లి పత్రిక అచ్చు వేయించం. ఇప్పుడు మీరంతా కలిసి ఆయన దగ్గరికి వెళ్లొద్దంటే మేమేం కావాలి?

తెల్లకాగితం
మిమ్మల్ని ఎవరూ ఏమీ అనడం లేదు రావు గారూ. కానీ మీరే రాశారు చూడండి, "ఆ స్వామికి" అని. మీకు ఆయన స్వామి. మాకు ఆయన అల్లా దాసుడు, మంచివాడు, అంతవరకే. అక్కడికి వచ్చే పదిమందిలో ఏడుగురు ఆయన్ను దేవుడనుకుంటుంటే, మిగతా ముగ్గురు ముస్లింలు కూడా మెల్లగా అదే చేతలు నేర్చుకుంటారు. దీపం, కొబ్బరికాయ, ప్రదక్షిణ, తల నీలాలు. నా బాధ అది.

మస్తాన్‌రావు
పదిమందిలో ఏడుగురు అని లెక్క ఎవరు పెట్టారండీ, గేటు దగ్గర నిలబడ్డారా?

తెల్లకాగితం
లెక్క కాదు, మాటవరస. వెనక్కి తీసుకుంటున్నా. బాధ మాత్రం వెనక్కి తీసుకోను.

పాతబెంచి
ఇక్కడ ఇద్దరూ మీ మీ పెద్దలను సగమే చదివారు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక ఉంటే చదవండి.

దర్గా పక్షం వాళ్లు పెద్దగా చెప్పుకునేది బరేలీ అహ్మద్ రజా ఖాన్ సాబ్ పేరు (1856–1921). ఆయన సమాధికి సజ్దా చేయడం (నుదురు నేలకు ఆనించడం), అది గౌరవం కోసమైనా సరే, హరామ్ అని ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. ఆడవాళ్లు మజార్లకు (పుణ్యపురుషుల సమాధులకు) వెళ్లడాన్ని కూడా ఆయన ఒప్పుకోలేదు. ఇవాళ దర్గాల్లో గడప మీద నుదురు ఆనించేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు? ఆయన పేరు మీద జెండాలు కట్టి, ఆయన వద్దన్న పని చేస్తుంటారు.

ఇక దేవ్‌బంద్ పక్షం. 1866లో ఆ మదరసా పెట్టినవాళ్లు సూఫీ మార్గానికి శత్రువులని చాలామంది అనుకుంటారు. వాళ్లే స్వయంగా చిష్తీ సాబిరీ అనే సూఫీ సిల్సిలాలో (గురుపరంపరలో) హాజీ ఇమ్దాదుల్లా గారిని ముర్షిద్ (గురువు) అని ఒప్పుకుని చెయ్యిచ్చిన మురీదులు (శిష్యులు). వాళ్ల తగాదా సూఫీతనంతో కాదు, సమాధుల దగ్గర పెరిగిన తంతులతో. షా వలీయుల్లా (1703–1762) కూడా అంతే, తానే నక్ష్‌బందీ సూఫీ, కానీ కోరికలు తీర్చమని అజ్మీరు దర్గాకు పరుగెత్తేవాళ్లను చాలా ఘాటుగా తిట్టారు.

ఇంకా పైకి పోతే ఇబ్న్ తైమియా అనే మత పండితుడు. సమాధి కోసమే ప్రయాణం కట్టడం సరికాదన్న ఫత్వా మీద ఆయన్ను 1326లో డమాస్కస్ కోటలో ఖైదు చేశారు, 1328లో అక్కడే పోయారు. అంటే ఆ రోజుల్లో ఉలమాల్లో (మత పండితుల్లో) ఎక్కువమందికి ఆయన మాటే అతిగా తోచింది. అదే మనిషి సూఫీ గురువు అబ్దుల్ ఖాదర్ జీలానీ రాతలకు వ్యాఖ్యానం రాశారు. ఆయన్ను పూడ్చింది డమాస్కస్‌లో సూఫీల శ్మశానంలో.

కాబట్టి "సూఫీ × ఇస్లాం" అని గీత గీసి మాట్లాడకండి. ఆ గీత అక్కడ లేదు. గీత ఉంటే గింటే నుదురు నేలకు ఎప్పుడు ఆనింది, చెయ్యి ఎవరి ముందు చాపారు అనే దగ్గర ఉంది.

రెండోటీ
సూఫీల శ్మశానంలో పూడ్చారా!! ఇది మా మామకు పంపిస్తా, రెండు రోజులు ఫోన్ చేయడు.

ఊదుపొగ
పాతబెంచి చెప్పింది నిజమే, సజ్దా విషయంలో మా హజరత్ కూడా జుమ్మా బయాన్‌లో (శుక్రవారం ప్రసంగంలో) అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటారు, జనం వినరు. అది తప్పే, నేను సమర్థించను. కానీ ఒక తప్పు చేత్తో పట్టుకుని దర్గా మొత్తాన్ని కూల్చేద్దామనే వాళ్ల సంగతేంటి? 2012లో మాలీ దేశంలో టింబక్టూ మజార్లను గడ్డపారలతో పొడిచేశారు, ఆ పని చేయించినవాడికి 2016లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం తొమ్మిదేళ్లు శిక్ష వేసింది. 2017లో సింధ్‌లో సెహ్వాన్ దర్గాలో ధమాల్ (సూఫీ నాట్యం) జరుగుతుంటే బాంబు పేల్చారు, ఎనభై మందికి పైగా పోయారు. "బిద్అత్" (మతంలో కొత్తగా చేర్చింది) అనే మాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చూశారా.

తెల్లకాగితం
బాంబులు పెట్టినవాణ్ని నా బెంచీ మీద కూర్చోబెట్టకండి. చాదర్ కప్పొద్దు అనడానికీ మనుషుల్ని చంపడానికీ మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం ఉంది. మీ గడప మీద నుదురు పెట్టేవాళ్ల పాపం మీ నెత్తిన నేను వేయలేదు కదా.

ఊదుపొగ
సరే, అది న్యాయమే.

ముజావర్ల_అల్లుడు
పేరు చూస్తే తెలుస్తుంది కదా, మా అత్తగారిది ముజావర్ల (దర్గా సేవకుల) ఇల్లు. ఏ దర్గానో చెప్పను, చెబితే ఈ పండక్కి నాకు కోడికూర ఉండదు. మీరంతా షిర్క్, వసీలా అని కొట్టుకుంటున్నారు గానీ లోపల జరిగే అసలు తగాదా వంతుల గురించి. మామగారికి అన్నదమ్ములు నలుగురు, ఏడాదిలో ఎవరి వారాలు ఎవరివో పాత కాగితం మీద రాసుంటుంది, ఉరుసు వారం ఎవరికి పడిందనే దానిమీద కోర్టు దాకా పోయారు.

చాదర్ సంగతి చెప్తాను వినండి. పొద్దున మీరు బయట కొట్లో కొన్న చాదర్ మధ్యాహ్నానికి సమాధి మీద పదోది అవుతుంది. సాయంత్రం తీసి మడతపెట్టి మళ్లీ అదే కొట్టుకు. ఒకసారి నేను గుర్తుపట్టాను, జరీ అంచు దగ్గర ఊదుబత్తి పడి చిన్న బెజ్జం కాలిన ఆకుపచ్చ చాదర్, ఒకే శుక్రవారం మూడు కుటుంబాలు నెత్తిన పెట్టుకుని ఏడుస్తూ లోపలికి వచ్చాయి. ఆ బెజ్జం చూసినప్పటినుంచి నేను చాదర్ కప్పలేదు. ఇది హదీసు కాదు, నా కళ్లు.

అట్లాగని అంతా వ్యాపారమని కూడా అనలేను. సందల్ రాత్రి గంధం అరగదీసి, పన్నీరు కలిపి, ఇత్తడి గిన్నె నెత్తిన పెట్టుకుని మామగారు లోపలికి వెళ్లేటప్పుడు ఆయన ముఖం వేరేగా ఉంటుంది. డబ్బు లెక్కపెట్టే మనిషి, ఆ పూట ఎవరితోనూ మాట్లాడడు. రెండ్రోజులు ఆయన చేతులు గంధం వాసన వస్తాయి.

జేజిమనవడు
బెజ్జం మాట మా అన్నకు చదివి వినిపించా. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

నల్లబురఖా_ఎర్రపెన్ను
మీరంతా లోపలికి వెళ్లి చేసేది ఒప్పా తప్పా అంటున్నారు. నన్ను లోపలికే రానివ్వరు. నా చంకలో ఎత్తుకు తిరిగిన పిల్లోడు, పన్నెండేళ్లు నిండలేదు, టోపీ పెట్టుకుని లోపలికి పోయి చాదర్ అంచు పట్టుకుంటాడు, నేను జాలీ (చిల్లుల గోడ) దగ్గర నిలబడి "నా తరఫున కూడా చెప్పరా" అని వాణ్ని బతిమాలుకోవాలి. ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో కూడా ఇంతే, జాలీ దాకానే. ముంబై హాజీ అలీ దర్గాలో అంతకుముందు వెళ్లనిచ్చేవాళ్లు, 2012 నాటికి ఆపేశారు, ముస్లిం ఆడవాళ్లే కోర్టుకు వెళ్లారు, 2016 ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. ట్రస్టు సుప్రీంకోర్టుకు పోయి, చివరికి సరే రానిస్తామంది. అంటే ఇది అనాదిగా వచ్చిన ధర్మం కాదు, ఒక కమిటీ ఒక రోజు తీసుకున్న నిర్ణయం.

తెల్లకాగితం
చెల్లీ, అసలు ఆడవాళ్లు సమాధులకు తరచుగా వెళ్లడం గురించి తిర్మిజీలో హదీసు ఉంది, గట్టిగానే ఉంది.

ఊదుపొగ
ఈ విషయంలో తెల్లకాగితం గారు చెప్పింది సరే. పైన పాతబెంచి కూడా చెప్పారు, ఆలా హజరత్ (అహ్మద్ రజా ఖాన్ సాబ్) ఒప్పుకోలేదని.

రెండోటీ
రెండ్రోజులుగా కొట్టుకుంటున్న ఇద్దరూ మొత్తానికి ఒక్కటయ్యారు. ఎవరి మీద? గడప బయట నిలబడ్డ ఆమె మీద. ముబారక్.

నల్లబురఖా_ఎర్రపెన్ను
థాంక్స్ రెండోటీ. ఆ ఇద్దరికీ ఒక మాట. సమాధి దగ్గర ఏడుస్తున్న ఒకామెను ప్రవక్త (స) చూశారు, అల్లాకు భయపడు, ఓర్చుకో అన్నారు. లేచి ఇంటికి పో అనలేదు. బుఖారీలోదే. ప్రవక్త భార్య ఆయిషా (ర) తన అన్న సమాధికి వెళ్లారు. సమాధులు చూడమన్న అనుమతి ఆడవాళ్లకు కూడా వర్తిస్తుందన్న హనఫీ మార్గ పండితులు ఉన్నారు. అభిప్రాయాలు రెండున్నాయని చెప్పండి, చాలు. మీకు సౌకర్యంగా ఉన్న హదీసు దగ్గర పుస్తకం మూసేయకండి.

తెల్లకాగితం
రెండు అభిప్రాయాలున్నాయి. ఒప్పుకుంటున్నా. చెల్లి అని పిలిచి సగం చెప్పినందుకు మన్నించండి.

పాతబెంచి
పూలూ ఆకుల గురించి ఎవరూ ఎత్తలేదే అని చూస్తున్నా. ప్రవక్త (స) రెండు సమాధుల మీద పచ్చి ఖర్జూరపు మట్ట చీల్చి చెరో ముక్క గుచ్చారు, అవి ఎండేదాకా లోపలివాళ్ల శిక్ష తేలికవ్వొచ్చని. దర్గాల్లో పూలు వేయడానికి ఒక పక్షం చూపేది దీన్నే. అవతలి పక్షం ఏమంటుందంటే, అయ్యా, ఆ మట్ట గుచ్చింది శిక్ష పడుతున్న పాపుల సమాధుల మీద, మీరు మీ వలీని (పుణ్యపురుషుణ్ని) పాపి అంటున్నారా అని. నాకు ఈ ఎదురు ప్రశ్న భలే నచ్చుతుంది.

రొట్టెల పండగ లాంటివాటికి మాత్రం ఇలాంటి ఆధారం వెతకడం దండగ. నెల్లూరు బారాషహీద్ దర్గా, మొహర్రం నెల, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె. ఇది ఖుర్ఆన్ నుంచి రాలేదు, హదీసు నుంచి రాలేదు, జనం దగ్గర పుట్టింది. ఇస్లామా అని అడిగితే కాదు. చెడ్డదా అని అడిగితే, ఒకరికి దొరికింది ఇంకొకరికీ దొరకాలని చేత్తో రొట్టె పెట్టడంలో నాకు చెడు కనిపించలేదు. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కాదు.

తెల్లకాగితం
రెండూ ఒకటి కాదన్నది మీకు. రొట్టె వల్ల వీసా వచ్చిందని నమ్మినవాడికి రెండూ ఒకటే. అక్కడే నమ్మకం అల్లా నుంచి రొట్టె మీదికి జారుతుంది.

మస్తాన్‌రావు
వీసా రొట్టె తీసుకున్న మా బావమరిది డల్లాస్‌లో ఉన్నాడు. రొట్టె తీసుకోకుండా వెళ్లినవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. వాడికి ఆ సంగతి తెలుసు, అయినా ప్రతి మొహర్రానికి డబ్బు పంపి రొట్టెలు వదిలిస్తాడు. నమ్మకం అంటే లెక్క తెలియకపోవడం కాదండీ.

రెండోటీ
రావు గారూ, రొట్టెకు హెచ్‌వన్‌బీ లాటరీ కూడా తగుల్తుందా? ఒక స్నేహితుడి కోసం అడుగుతున్నా.

నూలుకండె
జేజిమనవడికి పనికొచ్చే మాట ఎవరూ చెప్పడం లేదు. మాది కూడా దూదేకుల ఇల్లే, ఇదే గొడవ మా ఇంట్లో అయ్యింది. మాకు ఒక మౌలానా చెప్పింది ఏంటంటే, మొక్కుకోవడం గురించి హదీసే కొంచెం వెటకారంగా ఉంటుంది, మొక్కు దేన్నీ ముందుకూ జరపదు వెనక్కీ జరపదు, పిసినారి చేతి నుంచి డబ్బు బయటికి రప్పిస్తుంది, అంతే. కానీ మొక్కిన తర్వాత అది మంచి పనైతే తీర్చాలి, పాపమైతే తీర్చకూడదు. అందుకని మొక్కును రెండు ముక్కలు చేయండి అన్నారాయన. యాటను కోసేటప్పుడు బిస్మిల్లా, అల్లాహు అక్బర్ అనే కోస్తారు కదా, అల్లా పేరున కోసి, బీదలకు పెట్టి, దాని పుణ్యం ఆ పోయిన పెద్దమనిషికి చేరాలని అడగండి. పోయినవాళ్ల పేరున దానం చేయొచ్చని హదీసు ఉంది, సఅద్ బిన్ ఉబాదా (ర) తల్లి కోసం చేశారు. ఇది దానమే అవుతుంది. చాదర్ ముక్క మీద మాత్రం ఆయన పెదవి విరిచారు, దానికి బదులు దుప్పట్లు కొని దర్గా బయట పడుకునేవాళ్లకు కప్పండి అన్నారు.

ఊదుపొగ
కందూరు గురించి నేను చెప్పాలనుకున్నదీ ఇదే. కోసేవాడి నోట అల్లా పేరే ఉంటుంది.

తెల్లకాగితం
నోట్లో సరే. ఆ యాటను ఏడాది నుంచి "పీరు యాట" అని పిలిచి, చెవికి గుర్తు కోసి, ఇంకెవరికీ అమ్మనని పెంచారు చూడండి, ఆ మనసులో ఎవరున్నారన్నది అసలు ప్రశ్న. అయినా నూలుకండె చెప్పిన దారి మంచిది. దాని మీద నాకు అభ్యంతరం లేదు.

జేజిమనవడు
దుప్పట్ల మాట జేజికి చెప్పా. "నేను మొక్కింది చాదర్ రా, దుప్పటి కాదు. అప్పు తీసుకుంది ఒకరి దగ్గర, తీర్చేది ఇంకొకరికా?" అంది. దీనికి మౌలానా దగ్గర జవాబుందా?

నూలుకండె
మా జేజి కూడా ఇట్లాగే అని ఉంటే మా మౌలానా చాయ్ అడిగి కూర్చుండిపోయేవారు.

ముజావర్ల_అల్లుడు
రెండూ చేసేయ్. చాదర్ ఒకటి, దుప్పట్లు పది. చాదర్ మాత్రం దర్గా దగ్గర కొనకు, బట్టల కొట్లో మంచి గుడ్డ కొను, కప్పి, ఫాతిహా చదివి, తర్వాత తీసి ఎవరికైనా ఇచ్చేయమని ముజావర్‌తో ముందే మాట్లాడుకో. హుండీలో వేసేది హుండీలో వెయ్యి, చేతికి అడిగితే లేదను. నెమలీకల కట్టతో భుజం మీద కొట్టి పళ్లెం చూపిస్తారు, కళ్లు కలపకుండా నడువు. నేను ఇట్లా రాశానని మా అత్తగారింట్లో తెలియకూడదు.

తెల్లకాగితం
మీ అన్న తరఫున ఒక్క మాట. ఆయన మొండివాడు కాదు, భయస్తుడు. ఖుర్ఆన్ 39:3లో ఉంది, "వీళ్లు మమ్మల్ని అల్లాకు దగ్గర చేస్తారనే వీళ్లను కొలుస్తున్నాం" అని అప్పటి మక్కా వాళ్లు చెప్పుకున్న సాకు. దర్గాలో వినిపించే మాట కూడా దాదాపు ఇదే కదా అని ఆయనకు గుండెల్లో గుబులు. జేజి మీద కోపం కాదది.

ఊదుపొగ
ఆ ఆయత్‌లో (ఖుర్ఆన్ వాక్యంలో) "కొలుస్తున్నాం" అనే మాట ఉంది. జేజి కొలవడం లేదు. ఐదు పూటలా నమాజు చదివే ఆమెను మక్కా ముష్రిక్కుల (షిర్క్ చేసేవాళ్ల) పక్కన నిలబెట్టడం ఏం న్యాయం?

వేదిక_నిర్వాహకుడు
జేజిని ఎవరి పక్కనా నిలబెట్టకండి. ఆమెకు ఎనభై రెండేళ్లు.

జేజిమనవడు
నిన్న వెళ్లొచ్చాం. ఇంతమంది చెప్పారు కాబట్టి జరిగింది రాస్తున్నా.

కందూరు ఇంటి దగ్గరే చేసి సగం పైగా పంచాం. అన్న తినలేదు, పిల్లల్ని మాత్రం ఆపలేదు, అటు చూడనట్టు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత దర్గాకు ఆటో మాట్లాడబోతుంటే తనే కారు తీశాడు. జేజి మోకాళ్లకు ఆటో పడదని. ఇన్ని రోజుల తర్వాత ఆమెతో ఆడిన మొదటి మాట "సీటు వెనక్కి జరపనా" అని.

గేటు బయట వేపచెట్టు కిందే ఆగిపోయాడు. జేజిని లోపలికి రానివ్వలేదు, గడప దగ్గరే కూర్చోబెట్టారు (నల్లబురఖా గారూ, మీరు గుర్తొచ్చారు). నేనూ ముజావర్ చెరో పక్క పట్టుకుని చాదర్ కప్పాం. నేను అల్లాను అడగాల్సింది అల్లానే అడిగాను, ఆ పెద్దాయన కోసం కూడా దుఆ చేశాను, తెల్లకాగితం గారి మాట మనసులో ఉంది. గడప దగ్గరినుంచి జేజి, "కాళ్ల వైపు తక్కువైందిరా, ఇంకొంచెం లాగు, అంచు మడత పడింది చూడు" అని ఒకటే గోల. మా తాతకు జ్వరం వచ్చినప్పుడు దుప్పటి సర్దేటప్పుడు కూడా అచ్చం ఇట్లాగే అనేది. అది పూజో, గౌరవమో, ఇంకేదో నాకు తెలియలేదు.

తిరిగొస్తుంటే కారెక్కే ముందు అన్న గేటు వైపు తిరిగి మెల్లగా "అస్సలాము అలైకుమ్ యా అహ్లల్ ఖుబూర్" (సమాధులవాళ్లారా, మీకు శాంతి) అన్నాడు. జేజికి చెవులు సరిగ్గా వినపడవు, ఇది మాత్రం వినపడింది. "చూశావా, వీడూ పలకరించాడు" అంది. అన్న "అది సున్నత్ (ప్రవక్త పద్ధతి) జేజీ, ఏ సమాధికైనా చెప్పాలి" అన్నాడు. "ఏదో ఒకటి, పలకరించావు కదా" అంది.

దుప్పట్లు ఎనిమిది పంచాం. పదికి డబ్బు చాల్లేదు.

రెండోటీ
మటన్ ఎట్లా ఉందో చెప్పకుండా ఇంత రాశావు.

జేజిమనవడు
ఉప్పు ఎక్కువైంది.

నల్లబురఖా_ఎర్రపెన్ను
ఎనభై రెండేళ్ల మనిషిని గడప దగ్గర కూర్చోబెట్టారా. సరే. జేజి అక్కడినుంచే అంతా నడిపించింది కదా.

తెల్లకాగితం
మీ అన్న చేసింది సరైన సున్నత్. సమాధులవాళ్లకు సలాం చెప్పడం హదీసులో ఉంది.

ఊదుపొగ
ఉంది కదా! మరి వాళ్లకు వినపడనప్పుడు సలాం ఎవరికి చెబుతున్నట్టు?

తెల్లకాగితం
35:22 చూడండి. సమాధుల్లో ఉన్నవాళ్లకు నువ్వు వినిపించలేవు అని.

ఊదుపొగ
బద్ర్ యుద్ధంలో చచ్చి బావిలో పడినవాళ్లతో ప్రవక్త (స) మాట్లాడింది మరి? మీరు వీళ్లకంటే బాగా వినడం లేదు అన్నారు కదా, బుఖారీలో!

వేదిక_నిర్వాహకుడు
పోయినవాళ్లకు వినపడుతుందా లేదా అన్నదానికి వేరే చర్చ తెరిచాను, ఇద్దరూ అక్కడికి రండి. రెండోటీ అప్పుడే కుర్చీ వేసుకున్నాడు.